ఆగమన కాలంలో గుండె బరువెక్కితే: నిరీక్షణతో కనిపెట్టుకుని ఉండటం ఎలా?

చుట్టూ అందరూ క్రిస్మస్ ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెడుతుంటే, మీరు మాత్రం ఈ నెల ఎప్పుడు గడిచిపోతుందా అని లెక్కపెడుతున్నారా? ఈ ఏడాది మీరు ఎవరినో పోగొట్టుకుని ఉండొచ్చు. ఎవరూ పోకపోయినా, ఇంట్లో జబ్బు మనిషో, ఊడిపోయిన ఉద్యోగమో, ఏళ్లుగా తెగని గొడవో మిమ్మల్ని పిండేసి ఉండొచ్చు. విశ్వాసం వదులుకోకుండా, అలాగని మొహానికి నవ్వు అతికించుకోకుండా క్రిస్మస్‌కు ముందు వచ్చే ఈ నాలుగు వారాల ఆగమన కాలాన్ని ఎలా గడపాలో నాకు తెలిసినంతలో చెప్తాను.

మా నాన్న అక్టోబరులో పోయారు. ఆ ఏడాది ఆగమన కాలం మొదటి ఆదివారం చర్చికి వెళ్లాను. ఆదివారానికొకటి చొప్పున వెలిగించే నాలుగు కొవ్వొత్తుల్లో మొదటిది వెలిగించారు, పాట ఎత్తుకున్నారు. నేనూ నోరు తెరిచాను గానీ గొంతు పెగల్లేదు. కళ్లు తుడుచుకుంటుంటే పక్కనున్న ఒకావిడ నా చెయ్యి నొక్కి, "పండగ రోజులమ్మా, ఏడవకూడదు. చూసేవాళ్ల ముందు మన సాక్ష్యం ఏమైపోతుంది?" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, అందులో అనుమానం లేదు. నేను మాత్రం చివరి ప్రార్థన కాకుండానే బయటికి వచ్చేశాను. మళ్లీ రెండు వారాలు ఆ గడప తొక్కలేదు. అందుకే మొదటి మెట్టు అక్కడి నుంచే.

1. ఈ కాలంలో ఏడుపుకి చోటుందని ముందు తెలుసుకోండి

ఆగమన కాలమంటే నెలంతా సాగే క్రిస్మస్ పండగ అనుకుంటాం. కాదు. పాశ్చాత్య సంఘాల లెక్కలో ఇది నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారం మొదలవుతుంది, అంటే నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య. 25వ తేదీ ఏ వారమైందన్న దాన్ని బట్టి 22 నుంచి 28 రోజులు ఉంటుంది. చాలా సంఘాల్లో ఈ రోజులకు వాడే రంగు ఊదా. సిలువ శ్రమలను తలుచుకునే నలభై రోజులకు వాడేదీ అదే రంగు. కతోలిక ఆరాధనలో ఈ ఆదివారాల్లో 'మహిమ' గీతం పాడరు, దాన్ని క్రిస్మస్ రాత్రికి దాచిపెడతారు.

చదివే వాక్యం కూడా గమనించండి. ఏ ఆదివారం ఏ వాక్యం చదవాలో చెప్పే పాఠాల పట్టికను అనుసరించే సంఘాల్లో మొదటి ఆదివారం సువార్త పశువుల తొట్టి దగ్గర మొదలవదు. ఏడాదిని బట్టి మత్తయి 24, మార్కు 13, లూకా 21 అధ్యాయాల్లోంచి వస్తుంది. అక్కడ ఉన్నది కలవరం, రాత్రి, 'మెలకువగా ఉండండి' అన్న హెచ్చరిక. సంఘం ఈ కాలాన్ని చీకట్లోనే మొదలుపెడుతుంది. నాలుగో కొవ్వొత్తి వెలిగేదాకా ఆ చీకటిని దాచిపెట్టదు.

ఇక సాక్ష్యం మాట. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర "యేసు కన్నీళ్లు విడిచెను" అని యోహాను 11:35లో ఉంది. ఇంకాసేపట్లో అతన్ని లేపబోతున్నానని ఆయనకు తెలుసు. తెలిసీ ఏడ్చాడు. "నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము" అని పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాటను సగానికి విరిచి 'దుఃఖపడకండి' అని చెప్పేవాళ్లుంటారు. వాక్యం పూర్తిగా చదవండి. దుఃఖపడొద్దనలేదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు.

ఎవరైనా మిమ్మల్ని ఏడవొద్దంటే వాదనకు దిగక్కర్లేదు. "సరేనండీ" అని ఊరుకోండి. ఏడుపొస్తే ఏడవండి.

2. 'నిరీక్షణ' అనే మాటను దాని అసలు అర్థంలో పట్టుకోండి

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నాకు ఊపిరి ఆడింది ఇక్కడే కాబట్టి.

మన తెలుగు బైబిల్లో నిరీక్షణ అంటే దేవునియందు ఉంచే ఆశ. బైబిల్ పక్కన పెడితే మనందరికీ తెలిసిన అర్థం వట్టి ఎదురుచూపు. ఫలితాల కోసం నిరీక్షణ, అనుమతుల కోసం నిరీక్షణ అని రోజూ పేపర్లలో చూస్తూనే ఉంటాం. హీబ్రూలోనూ ఈ రెండూ విడివిడిగా లేవు. 'తిక్వా' అనే మాట ఎదురుచూడటం అనే క్రియలోంచి వచ్చింది. చిత్రంగా, యెహోషువ 2వ అధ్యాయంలో, యెరికో పట్టణంలో ఇశ్రాయేలు వేగులవాళ్లను దాచిన రాహాబు కిటికీకి కట్టిన ఎర్ర దారానికి వాడిన మాట కూడా అదే. ఆ దారం కట్టేటప్పుడు ఆమె ధైర్యంగా ఉందో, చేతులు వణికాయో అక్కడ రాయలేదు. దారం కిటికీకి ఉంది. పట్టణం కూలిన రోజున ఆ ఇల్లు మిగిలింది.

కీర్తనల్లో ఇంకో మాట ఉంది, కనిపెట్టడం. "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది" అంటుంది 130వ కీర్తన. ఇప్పుడు కనిపెట్టడమంటే కొత్తదేదో కనుక్కోవడం. కానీ 'కనిపెట్టుకుని ఉండటం' అనే మాట ఇళ్లల్లో ఇంకా బతికే ఉంది. జబ్బుపడ్డ మనిషి దగ్గర ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి అంటాం కదా, అది.

నాన్న ఆఖరి పదకొండు రోజులు ఆస్పత్రిలో నేను చేసింది ఆ పనే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సెలైన్ చుక్కలు చూడటం. సీసా అయిపోవస్తే నర్సును పిలవడం. దుప్పటి జారితే కప్పడం. మధ్యమధ్యలో కిటికీ అద్దం వంక చూడటం, నలుపు బూడిద రంగుకి తిరిగిందా లేదా అని. ఆ రాత్రుల్లో నాలో ఉత్సాహం లేదు, ధైర్యమూ లేదు. ప్రార్థన చేద్దామంటే రెండు మాటల తర్వాత మనసు ఎటో పోయేది. కానీ కుర్చీ వదల్లేదు. నాన్న పోయాక ఎన్నో వారాలకు ఈ కీర్తన చదువుతుంటే తట్టింది, కావలివాడి పని అంతవరకే కదా అని. సూర్యుణ్ని లేపే బాధ్యత అతనిది కాదు.

కాబట్టి 'నాకు ఆశగా అనిపించడం లేదు, విశ్వాసం పోయిందేమో' అని టెన్షన్ పడకండి. అనిపించడం వేరు, కనిపెట్టుకుని ఉండటం వేరు. ఈ నాలుగు వారాలు మీరు చేయాల్సింది రెండోదే.

ఎవరికోసం, దేనికోసం అన్నది మాత్రం తేల్చుకోవాలి. 'అంతా మన మంచికే', 'కాలమే మాన్పుతుంది' లాంటివి మంచి మాటలే అయినా క్రైస్తవ నిరీక్షణ అవి కాదు. క్రీస్తు మృతుల్లోంచి లేచాడు, మళ్లీ వస్తాడు, ఆయనలో నిద్రించినవాళ్లను లేపుతాడు, "వారి కన్నుల ప్రతి బాష్పబిందువును తుడిచివేయును, మరణము ఇక ఉండదు" అన్నది నెరవేరుతుంది: మనం ఎదురుచూసేది దీనికోసం. ఆగమనమంటే రాక. 12వ శతాబ్దంలో క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్ మూడు రాకల గురించి బోధించాడు: బేత్లెహేములో జరిగింది ఒకటి, చివర జరగబోయేది ఒకటి, ఈ రెంటి మధ్యలో ఎవరికీ కనబడకుండా మనసులోకి వచ్చేది ఒకటి. దుఃఖంలో ఉన్నవాళ్లకు మొదటిది చాలా దూరం, చివరిది ఇంకా దూరం అనిపిస్తుంది. ఆ మధ్య రాక కోసమైనా తలుపు ఓరగా వేసి ఉంచుదాం.

నాజీలను ఎదిరించిన జర్మన్ పాస్టరు డీట్రిక్ బొన్‌హోఫర్ 1943 నవంబరులో బెర్లిన్‌లోని టెగెల్ జైలు నుంచి స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, జైలు గదిలో ఉండటం ఆగమన కాలంలో ఉన్నట్టే ఉందన్నాడు. లోపలివాళ్లు చూస్తారు, ఆశిస్తారు, ఏదో ఒక పని చేసుకుంటారు, కానీ తలుపు తెరుచుకోవాల్సింది బయటి నుంచే అని. ఆ తలుపు ఆయనకు ఈ లోకంలో తెరుచుకోలేదు. 1945 ఏప్రిల్ 9న ఉరి తీశారు. ఈ సంగతి దాచి ఆ మాట ఒక్కటే చెప్పడం నాకు ఇష్టం లేదు.

3. ప్రార్థన కంటే ముందు ఒంటిని చూసుకోండి

రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని "ఇంతమట్టుకు చాలును" అంటాడు, చచ్చిపోతానంటాడు. దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. తట్టి లేపి తినమన్నాడు. ఏలీయా తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని. దేవుడు అతనితో మాట్లాడటం, 'ఇక్కడేం చేస్తున్నావు' అని అడగటం అన్నీ ఆ తర్వాతే.

దుఃఖం ఒంటి మీద పడుతుంది. నిద్ర చెడుతుంది, ఆకలి చస్తుంది, లేదా ఊరికే ఏదో ఒకటి తింటూ ఉంటాం. మతిమరుపు వస్తుంది, చిన్న పనికే ఆయాసం వస్తుంది. ఇది భక్తి తక్కువై కాదు. రోజూ ఒకే వేళకు పడుకోండి, నిద్ర పట్టకపోయినా సరే. ఆకలి లేకపోయినా వేళకు కొంచెం తినండి. పగటి వెలుతురులో ఒక ఇరవై నిమిషాలు నడవండి. రాత్రి జాగరణ ప్రార్థనలు, ఉపవాసాలు ఈ ఏడాదికి మానేయండి. ఎవరైనా బలవంతం చేస్తే ఏలీయా సంగతి చెప్పండి.

4. మీ మొరను కాగితం మీద పెట్టండి

150 కీర్తనల్లో ఎక్కువగా కనిపించే రకం స్తుతి కాదు, మొర. దాదాపు మూడో వంతు అవే. మనం పాటలుగా కట్టుకున్నవి మాత్రం ఎక్కువగా స్తుతి కీర్తనలే, అదే తంటా. ఏడవడానికి మన దగ్గర మాటల్లేకుండా పోయాయి.

13వ కీర్తనతో మొదలుపెట్టండి. ఆరంటే ఆరు వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అంటూ మొదలవుతుంది. దావీదు 'ఎంతకాలం' అని మళ్లీ మళ్లీ అడుగుతాడు, తర్వాత తనకేం కావాలో అడుగుతాడు, చివర "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచి యున్నాను" అంటాడు. ఆ వరసనే వాడుకుని ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాయండి.

మొదటి వాక్యం పిలుపు. దేవుణ్ని మీరు మామూలుగా ఎలా పిలుస్తారో అలాగే.
రెండోది ఫిర్యాదు. మర్యాద కోసం మెత్తబరచకండి.
మూడోది మీకు కావలసింది. 'నీ చిత్తం' అని దాటేయకుండా, ఈ వారానికి ఏం కావాలో ఆ ఒక్కటి.
నాలుగోది 'అయినా' అని మొదలయ్యే మాట. అది రాకపోతే 'అయినా' అని రాసి వదిలేయండి.

నేను రాసుకున్నది ఇది: "తండ్రీ. పదకొండు రోజులు అడిగాను, నువ్వు పలకలేదు. ఈ వారం ఆయన చొక్కాలు మడతపెట్టి తీసేయాలి, ఆ పని అయ్యేదాకా నాతో ఉండు. అయినా". అంతే. ఆ తర్వాత పెన్ను కదల్లేదు.

నాలుగో వాక్యం రాకపోతే తప్పేమో అనిపిస్తే 88వ కీర్తన చదవండి. దాంట్లో మలుపే లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. దాన్ని రాసినాయన మొర మొదటి నుంచి చివరిదాకా దేవునితోనే చెప్పుకున్నాడు, కానీ తేలిక పడలేదు. దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు.

నాన్న బైబిల్లో గుర్తు కోసం రిబ్బన్లూ, కార్డులూ ఉండేవి కావు. అయిపోయిన మాత్రల షీటుని కత్తిరించి ఆ ముక్క పెట్టుకునేవారు. ఆయన సామాను సర్దుతుంటే బైబిల్ దానంతట అదే ఆ ముక్క దగ్గర తెరుచుకుంది. 88వ కీర్తన. ఇరవై ఏళ్లు ఇంటి ప్రార్థన నడిపిన మనిషి, మా ముందు ఒక్కసారి కూడా బెంబేలు పడని మనిషి, ఆ చివరి నెలల్లో ఒంటరిగా ఏ పేజీలో కూర్చున్నారో అప్పుడు తెలిసింది. వెండి రేకు వెనక మాత్ర పేరు సగం తెగి ఉంది.

5. రోజుకు ఒక్క వాక్యం, ఒక్క నిమిషం

మొదట్లోనే పెద్ద ధ్యాన పట్టిక పెట్టుకుంటే మూడో రోజుకే ఆగిపోతుంది, ఆగిపోయిందన్న బాధ ఇంకోటి కలుస్తుంది. వారానికి ఒకే వాక్యం తీసుకోండి, ఏడు రోజులూ అదే.

మొదటి వారానికి యెషయా 9:2, "చీకటిలో నడచు జనులు గొప్ప వెలుగును చూచుచున్నారు". రెండో వారానికి యెషయా 40:1, "ఓదార్చుడి" అని రెండుసార్లు చెప్పిన వచనం. మూడో వారానికి మత్తయి 11:3, దాని గురించి కింద చెప్తాను. నాలుగో వారానికి లూకా 1:79, జెకర్యా పాటలో "చీకటిలోను మరణచ్ఛాయలోను కూర్చుండువారికి" అనే మాట. అందులో 'కూర్చుండువారు' అన్న మాట మీద వేలు పెట్టి ఉంచండి. లేచి నడిచేవాళ్ల కోసమని అనలేదు.

కొవ్వొత్తి వెలిగించడం, వాక్యాన్ని పైకి చదవడం, ఒక నిమిషం ఊరుకోవడం, ఆర్పడం. మాటలు అసలే రాకపోతే బైబిల్ చివరి పేజీలో ఉన్న అతి చిన్న ప్రార్థన సరిపోతుంది: "ప్రభువైన యేసూ, రమ్ము". ఊపిరి పీలుస్తూ సగం, వదులుతూ సగం. అదీ రాని రోజు రోమా 8:26 ఉంది. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఆత్మ తానే మూలుగులతో మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని.

నాలుగు కొవ్వొత్తుల చక్రం మొదలైంది కూడా ఓపిక చాలనివాళ్ల కోసమే. 1839లో హాంబర్గ్‌లో పేద పిల్లలకు ఆశ్రయమిచ్చిన దైవశాస్త్ర పండితుడు యోహాన్ హిన్రిచ్ విఖెర్న్, 'క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు' అని రోజూ అడిగే పిల్లల కోసం ఒక బండి చక్రం మీద 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు 4 పెద్ద తెల్లవి పెట్టాడు. రోజుకొకటి వెలిగించేవారు. మీ ఇంట్లో చక్రం లేకపోతే ఒక్క కొవ్వొత్తి చాలు. ఒక రోజు తప్పిపోతే రెండు రోజులది కలిపి చేయకండి, ఆ రోజుది వదిలేయండి.

6. సందేహం వస్తే బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వెళ్లండి

యొర్దానులో యేసును చూపించి 'ఇదిగో దేవుని గొర్రెపిల్ల' అన్న మనిషి, తర్వాత హేరోదు చెరలో పడి శిష్యులతో కబురు పంపాడు: "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా?" ఇక్కడా కనిపెట్టడమే. యేసు అతన్ని తిట్టలేదు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, వెళ్లి చెప్పండని పంపించి, జనం వైపు తిరిగి యోహానును మెచ్చుకున్నాడు. చెర తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఈ భాగాన్ని పాఠాల పట్టికలో మూడేళ్లకోసారి సరిగ్గా మూడో ఆదివారమే పెట్టారు, 'ఆనందించండి' అని పేరున్న, గులాబీ రంగు కొవ్వొత్తి వెలిగించే ఆదివారమే. ఆ కూర్పు చేసినవాళ్లకు మనుషులు తెలుసు.

మీ ప్రశ్నను కూడా అలాగే ఆయన దగ్గరికే పంపండి.

7. ఒక్క మనిషిని పట్టుకోండి

మరియకు దూత మాట చెప్పి వెళ్లిపోయాక, ఆమె త్వరపడి కొండసీమకు, బంధువు ఎలీసబెతు ఇంటికి వెళ్లింది. సుమారు మూడు నెలలు అక్కడే ఉంది. దేవుని మాట విన్న మనిషికే తోడు కావలసి వచ్చింది.

మీకూ ఒకరు కావాలి. సలహాలు తక్కువ ఇచ్చే మనిషిని ఎంచుకోండి. అక్కో, పాత స్నేహితుడో, పాస్టరుగారి భార్యో, ఎవరైనా. ఆదివారం ఎలా ఉన్నావని అడిగితే 'బానే ఉన్నా' అనే జవాబు నమ్మొద్దని వాళ్లకు ముందే చెప్పండి. నేనైతే మా పిన్నికి ఒక మెసేజ్ పెట్టాను: "పిన్నీ, ఈ నెల నాకు ప్రార్థన రావట్లేదు. నా వంతు కూడా నువ్వే చెయ్యి." ఆమె 'సరే' అని ఒక్క మాట రాసింది. ఏం జరిగిందని అడగలేదు. డిసెంబరు నెలంతా ప్రతి రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో ఒక వచనం నంబరు మాత్రం వచ్చేది, వేరే మాట లేకుండా.

సంఘానికి వెళ్లలేకపోతే ఒక వారం చివరి బెంచీలో, గుమ్మానికి దగ్గరగా కూర్చోండి. బయటికి రావాలనిపిస్తే రావచ్చని ముందే మీకు మీరు చెప్పుకోండి. కొన్ని సంఘాలు డిసెంబరు 21 ప్రాంతంలో, ఉత్తరార్ధగోళంలో ఏడాదికెల్లా పొడవైన రాత్రి నాడు, దుఃఖంలో ఉన్నవాళ్ల కోసం ప్రత్యేకంగా ఆరాధన జరుపుతాయి. మీ దగ్గర లేకపోతే పాస్టరుగారినో ఫాదర్‌గారినో అడిగి చూడండి. పోయినవాళ్ల పేర్లు చదవడం, ఒక కీర్తన, కాసేపు మౌనం. దానికి క్వయిర్ ప్రాక్టీసు అక్కర్లేదు.

8. పిలుపుల సంగతి, ఖాళీ కుర్చీ సంగతి

క్యాలెండరు ముందు పెట్టుకుని ఈ నెలలో మీకు గుచ్చుకునే రోజులు గుర్తుపెట్టండి. పుట్టినరోజు, పెళ్లిరోజు, ఆస్పత్రిలో చేర్చిన తేదీ. ఆ రోజుల్లో వేరే పని పెట్టుకోకండి.

పిలుపులన్నిటికీ వెళ్లక్కర్లేదు. 'ఈ ఏడాది రాలేనండీ, మీ మీద కోపం కాదు' అంటే చాలు, కారణాలు వివరించే కొద్దీ వాళ్లు ఒప్పించడానికి చూస్తారు. వెళితే సొంతంగా వెనక్కి వచ్చే దారి చూసుకుని వెళ్లండి.

ఇంట్లో వాళ్లతో మాత్రం ముందే మాట్లాడుకోండి. ఆయన చదివే వాక్యం ఈసారి ఎవరు చదవాలి? ఆమె కూర్చునే చోట ఎవరైనా కూర్చోవాలా, ఖాళీగా ఉంచాలా? పోయినవాళ్ల పేరు ఎత్తాలా వద్దా అని అందరూ లోలోపల నలిగిపోతుంటారు. పేరు మీరే ముందు ఎత్తండి.

9. డాక్టరు అవసరమైతే ఆలస్యం చేయకండి

దుఃఖం జబ్బు కాదు, దానికి గడువూ లేదు. కానీ రెండు వారాలు దాటినా దాదాపు రోజంతా మనసు కుంగిపోయి ఉండటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా తిండీ చెడటం, ఎందుకూ పనికిరానివాణ్ననే ఆలోచన వదలకపోవడం ఉంటే డాక్టరుకు చూపించుకోండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు. ఆ రోజే, ఆ గంటే, పక్కనున్న ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి, మీ దేశంలోని ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కో ఎమర్జెన్సీ నంబరుకో ఫోన్ చేయండి. మందులు వేసుకోవడం అవిశ్వాసమనే మాట ఎవరి నోట విన్నా పట్టించుకోకండి. దూత ఏలీయాకు తిండి పెట్టాడన్న సంగతి పైన చెప్పుకున్నాం.

10. 25వ తేదీ, ఆ తర్వాత

ఆ రోజు సంతోషం రావచ్చు. వస్తే రానివ్వండి, పోయినవాళ్లకు ద్రోహం చేసినట్టు కాదు. రాకపోవచ్చు కూడా. పొద్దున్నే, ఇల్లు లేవకముందే, అయిదో కొవ్వొత్తి ఉంటే అది, లేకపోతే మిగిలిన ముక్క వెలిగించి లూకా 2వ అధ్యాయం మొదటి ఇరవై వచనాలు చదవండి. రాత్రి మందను కాస్తూ మెలకువగా ఉన్నవాళ్లకే మొదట కబురు అందిందని అక్కడ కనిపిస్తుంది. వాళ్లేమీ ప్రత్యేకంగా సిద్ధపడి లేరు, డ్యూటీలో ఉన్నారు.

మూడు రోజులకే, డిసెంబరు 28న, పాశ్చాత్య సంఘాల క్యాలెండరులో బేత్లెహేము పసిపిల్లల వధను తలుచుకుంటారు. యోహానును చెరలో వేసిన హేరోదు తండ్రి, పెద్ద హేరోదు రాజు చంపించిన పిల్లల కోసం పాత నిబంధన తల్లి రాహేలు ఏడుస్తూ "ఓదార్పు పొందనొల్లక యుండెను" అని మత్తయి రాశాడు. అలంకరణలు ఇంకా దించకముందే సంఘం ఆ తల్లి ఏడుపు చదువుతుంది. ఓదార్పు వద్దన్న మనిషిని క్రిస్మస్ కథలోంచి బయటికి పంపలేదు. పండగ హడావుడి తగ్గి అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడ్డాక మీకు ఒక్కసారిగా ఖాళీగా అనిపించేది కూడా ఆ రోజుల్లోనే. ఆ వారానికి మీరు ఎంచుకున్న మనిషిని ముందే అడిగి పెట్టుకోండి, 28న ఒకసారి రమ్మని.

మొర రాసిన కాగితం చింపేయకండి. తేదీ వేసి బైబిల్లో పెట్టండి, వచ్చే ఏడాది ఆగమన కాలం మొదటి ఆదివారం తీసి చదవండి. కొన్ని మాటలకు జవాబు వచ్చి ఉంటుంది, కొన్నిటికి రాదు. నాది నాన్న బైబిల్లోనే ఉంది, మాత్రల షీటు ముక్క పక్కన. చొక్కాలు ఆ వారమే మడతపెట్టాను, పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. ఒకటి మాత్రం ఉంచుకున్నాను. మూడు ఆగమన కాలాలు గడిచాయి, కాగితాన్ని మూడుసార్లు తీశాను. 'అయినా' తర్వాత ఇంకా ఏమీ రాయలేదు.